వాక్యాలు మారాయి, వాదన నాదే

ప్రశ్న: మాస్టారూ, సింహాచలం శాసనాల్లో అఖండ దీపాలకు దానాలిచ్చిన స్త్రీల గురించి నేను రాసిన వ్యాసం అప్పట్లో ఒక పరిశోధన పత్రికలో వచ్చింది. ఈమధ్య వేరే కాలేజీ అధ్యాపకుడొకరు అదే విషయం మీద రాశారు. వాక్యాలు మార్చారు గానీ వాదన నాదే. నా పేరు ఎక్కడా లేదు. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్‌లో పెడితే పోలిక ఏమంత కనిపించడం లేదు. రెండు వ్యాసాలూ పంపుతున్నాను. ఊరుకోమంటారా?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: ఊరుకోవద్దమ్మా. సాఫ్ట్‌వేర్ పట్టేది మాటలనే. కాపీరైట్ చట్టమూ మీకు పెద్దగా అక్కరకు రాదు. అది రాసిన తీరును కాపాడుతుంది గానీ ఆలోచనను కాదు. యూజీసీ 2018 నిబంధనలు మాత్రం ఇతరుల పనినే కాదు, ఆలోచనను తనదిగా చెప్పుకున్నా గ్రంథచౌర్యమే అంటున్నాయి. మీకు పట్టు దొరికేది అక్కడే.

ముందు మీది ఏదో, అందరిదీ ఏదో తేల్చుకోండి. ఆ శాసనాలు దక్షిణ భారత శాసనాల 6వ సంపుటంలో 1928లోనే అచ్చయ్యాయి. ఎవరైనా చదవొచ్చు. ఫలానా రాణి దీపానికి ఆవులిచ్చిందన్న సంగతి మీ సొత్తు కాదు. దాతలను రాజవంశాల వారీగా కాకుండా, ఇచ్చిన వస్తువును బట్టి విడదీశారు చూడండి, అది మీది. పైగా వందల శాసనాల్లోంచి మీరు ఏరుకున్నవే, మీరు పెట్టిన వరసలోనే ఆయన వ్యాసంలోనూ ఉన్నాయి. కాకతాళీయమంటే నేను నమ్మను.

కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమవైపు మీ పేరా, కుడివైపు ఆయన పేరా, పేజీ నంబర్లతో. గట్టివి నాలుగైదు చాలు. కొసరు పోలికలు చేర్చారంటే ఆయన వాటినే పట్టుకుని వాదిస్తారు.

తర్వాత ఆయనకు మెయిల్ పెట్టండి. ఫోన్ వద్దు. ‘అయ్యో మేడమ్, మర్చిపోయాను, వచ్చే వ్యాసంలో వేస్తాను’ అంటారు, అంతటితో సరి. ‘దొంగతనం’ అన్న మాట రాయకండి. ఈ వ్యాసానికే సవరణ వేయించమని అడిగి, గడువు పెట్టండి. జవాబు రాకపోతే అదే కాగితం పత్రిక సంపాదకుడికి. ఆయనా నాన్చితే ఆ అధ్యాపకుడి కాలేజీలో ఇలాంటి ఫిర్యాదులు విచారించే అకడమిక్ ఇంటెగ్రిటీ ప్యానెల్‌కు. శాఖ స్థాయి ప్యానెల్ 45 రోజుల్లో నివేదిక ఇవ్వాలి.

వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పెట్టకండి. అక్కడ ఎగదోసేవాళ్లు కమిటీ ముందు సాక్ష్యానికి రారు.

మెయిల్ రాశాక ఓసారి నాకు పంపితే చూసిపెడతాను. కోపంలో రాసినది అయితే రెండు రోజులాగి పంపండి.