బ్లాక్‌చెయిన్ వస్తే కార్బన్ వ్యాపారంలో బ్యాంకులతో పని ఉండదా?

కార్బన్ క్రెడిట్ల (ఒక టన్ను కార్బన్ ఉద్గారం తగ్గించినందుకు దక్కే పత్రాల) క్రయవిక్రయాలు బ్లాక్‌చెయిన్ మీదికి, అంటే అందరూ పంచుకునే డిజిటల్ లెక్కల పుస్తకం మీదికి వస్తే మధ్యలో బ్యాంకు ఎందుకని మీరు అడిగారు. హైదరాబాద్‌లో ఒక విదేశీ బ్యాంకు కార్యాలయంలో యూరప్ ఉద్గార అనుమతుల (ఒక్కొక్కటి ఒక టన్ను కార్బన్ వాయువు వదిలే హక్కు) సెటిల్‌మెంట్, అంటే డబ్బు, అనుమతులు చేతులు మార్చే పని కొన్నేళ్లు చూసిన అనుభవంతో చెబుతున్నాను: లెక్క రాసిపెట్టడం బ్యాంకు చేసే పనిలో చిన్న భాగం మాత్రమే.

యూరప్‌లో విద్యుత్ సంస్థలు వచ్చే ఏడాది ఉత్పత్తి చేయబోయే కరెంటును ముందుగానే అమ్ముకుంటాయి కనుక, అందుకు కావలసిన అనుమతుల ధర కూడా అప్పుడే ఖాయం కావాలని కోరుకుంటాయి గాని, డబ్బు మాత్రం వెంటనే కట్టడానికి ఇష్టపడవు. బ్యాంకు ఆ అనుమతులను ముందే కొని తన ఖాతాలో ఉంచుకుని, డిసెంబరులో అప్పగిస్తానని ఫార్వర్డ్ ఒప్పందం చేసుకుంటుంది. ఈలోగా పెట్టుబడి బ్యాంకుదే. ఎదుటి సంస్థ మాట తప్పితే వచ్చే నష్టభయమూ దానిదే. ఏ లెడ్జరూ, అంటే ఏ లెక్కల పుస్తకమూ, ఈ అప్పు ఇవ్వదు. మా విభాగంలో కూడా అనుమతుల బదిలీ కన్నా, ఎదుటి సంస్థ ఎవరు, దాని డబ్బు ఎక్కడిది అని తేల్చుకోవడానికే ఎక్కువ సమయం పట్టేది.

ఆ జాగ్రత్త అనవసరమైనది కాదు. 2011 జనవరిలో చెక్ రిపబ్లిక్ సహా కొన్ని దేశాల రిజిస్ట్రీల (అనుమతుల ఖాతాలు ఉండే చోట్ల) నుంచి అనుమతులు దొంగతనానికి గురికాగా, యూరోపియన్ కమిషన్ స్పాట్ (అప్పటికప్పుడు జరిగే) బదిలీలను నిలిపివేయవలసి వచ్చింది. ప్రతి అనుమతికీ వరుస సంఖ్య ఉన్నా, చేతులు మారిన తర్వాత అది ఎవరి సొత్తు అన్న వివాదం మిగిలింది. సద్భావంతో కొన్నవారికే హక్కు చెందుతుందని చివరికి చట్టమే చెప్పవలసి వచ్చింది.

చట్టం బలవంతం లేకుండా సంస్థలు తమంతట తాము కొనే స్వచ్ఛంద క్రెడిట్ల విషయంలో, ఒకే టన్నును ఇద్దరికి అమ్మకుండా ఆపడానికి బ్లాక్‌చెయిన్ నిజంగా ఉపయోగపడుతుంది. అయితే 2021లో టూకాన్ అనే వేదిక ద్వారా వెర్రా (స్వచ్ఛంద క్రెడిట్లను ధ్రువీకరించే సంస్థ) రిజిస్ట్రీలో వాడేసినట్టు రాసి రద్దుచేసిన క్రెడిట్లు టోకెన్లుగా, అంటే బ్లాక్‌చెయిన్ మీద అమ్ముకోదగిన డిజిటల్ పత్రాలుగా మారి చలామణిలోకి వచ్చాయి. వాటిలో గిరాకీ లేని పాత ప్రాజెక్టులవి చాలా ఉన్నాయి. 2022 మేలో వెర్రా ఆ పద్ధతిని నిషేధించింది. టోకెన్ అసలైనదే కావచ్చు, దాని వెనుక ఉన్న టన్ను ఉద్గారం నిజంగా తగ్గిందో లేదో ఆ లెడ్జర్ చెప్పలేదు.

బ్యాంకులు కూడా ఈ సాంకేతికతను వదులుకోలేదు. నాట్‌వెస్ట్, ఇటావు వంటి బ్యాంకులు 2021లో మొదలుపెట్టిన, కార్బన్ క్రెడిట్లను బదిలీ చేసే వేదిక అయిన కార్బన్‌ప్లేస్ బ్లాక్‌చెయిన్ మీదే నిర్మితమైంది. భారతదేశంలో 2023లో నోటిఫై అయిన కార్బన్ క్రెడిట్ వ్యాపార పథకం సిమెంటు పరిశ్రమకూ వర్తిస్తుంది కనుక, మన రెండు రాష్ట్రాల కర్మాగారాలకు ముందస్తు ఒప్పందాల మీద అప్పు ఇచ్చేదెవరన్నదే నా దృష్టిలో ఇప్పుడు అడగవలసిన ప్రశ్న.