గ్లాంజాకు బలెనో సామాను పడుతుందా?

ప్రశ్న: నాది 2020 గ్లాంజా. బ్రేక్ ప్యాడ్లు బలెనోవి వేస్తే సరిపోతాయని మెకానిక్ అంటున్నాడు. ప్లాట్‌ఫాం ఒకటేనట. అట్లైతే స్విఫ్ట్‌వి కూడా పడాలె కదా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: గ్లాంజా అంటే పేరు మార్చిన బలెనోనే. సుజుకీ తయారుచేసి టయోటాకు ఇస్తుంది. అందుకే మెకానిక్ మాటలో తప్పు లేదు.

స్విఫ్ట్ సంగతి వేరు. మూడిటి కింద ఉన్నది హార్టెక్ట్ అనే సుజుకీ ప్లాట్‌ఫామే అయినా స్విఫ్ట్ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2450 మి.మీ., బలెనోది 2520. ప్లాట్‌ఫాం అంటే కొలతలు కచ్చితంగా ఒకటే ఉన్న చట్రం కాదు, డిజైన్ పద్ధతి. ఉదాహరణకు ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల ఎంక్యూబీ అనే ప్లాట్‌ఫాంలో ముందు ఇరుసు నుంచి పెడల్ దాకా దూరం మారదు, మిగతాది సాగదీయొచ్చు.

దుకాణంలో ప్లాట్‌ఫాం పేరు చెప్తే లాభం లేదు. ఆర్సీ మీది 17 అక్షరాల చాసిస్ నంబర్ ఇవ్వండి. పాత ప్యాడ్ పక్కన కొత్తది పెట్టి చెవుల (రెండు చివర్ల పొడుచుకొచ్చిన భాగాల) వెడల్పు, క్లిప్పుల గాడి చూడండి. బలెనో, గ్లాంజా రెండూ 2022లో మారినయి. బంపర్, లైట్లు కొనేటప్పుడు పాత మోడల్‌కు కొత్త మోడల్‌వి తెచ్చి మోసపోయేది అక్కడే.