కెటిల్‌కు ఎలిమెంటు బిగించే ముందు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

గ్యాసు పొయ్యి మానేసి, స్టీలు కెటిల్‌కు, అంటే బీరు కాచే పెద్ద గిన్నెకు, వాటర్ హీటర్ ఎలిమెంటు బిగించి బీరు కాచుకోవాలని ఉందని రాశావు. ఇంటి వాడకానికి బీరు కాచుకునే వీలును అమెరికా ఫెడరల్ చట్టం 1978లోనే కల్పించింది, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకు. కనుక ఆ విషయంలో నాకు అభ్యంతరం లేదు. మన ఊళ్లో కూర్చుని ఇదే మాట అంటే మాత్రం ఎక్సైజు వాళ్ల పేరు చెప్పి ఆపేవాడిని.

నీ ఉత్తరంలో నాకు నచ్చనిది ఒక్కటే. మరల మీద టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టి, లోపల నట్టు గట్టిగా బిగిస్తే నీరు కారదని నీవు అనుకుంటున్నావు. ఎలిమెంటు మర తిన్నగా ఉండే రకం, అంటే ఎన్‌పీఎస్. కొసకు సన్నబడే ఎన్‌పీటీ పైపు మర లాగా అది బిగిసేకొద్దీ మూసుకుపోదు. ఎంత టేపు చుట్టినా ఆ మరల సందుల్లోంచి నీరు దారి చేసుకుంటూనే ఉంటుంది. ప్రెషర్ కుక్కర్‌లో ఆవిరిని ఆపేది మూత కాదు, రబ్బరు, ఇక్కడా అంతే. నట్టు పని లాగి పట్టడం, ఆపే పని గాస్కెట్‌ది. ఆ గాస్కెట్ ఉండవలసిన చోటు కెటిల్ బయటి వైపు, ఎలిమెంటు తల కింద. లోపలి నట్టు కింద మాత్రమే ఓ-రింగు (గుండ్రటి రబ్బరు చుట్టు) పెడితే, నట్టుకూ ఎలిమెంటుకూ నడుమ ఉన్న మరల గుండా వోర్టు, అంటే ఇంకా పులియని తియ్యటి మాల్టు రసం, బయటికి వచ్చేస్తుంది. తల, మర ఒకే ముక్క కనుక తల దగ్గర ఆపితే ఇక దారి ఉండదు. నట్టు కూడా 1 అంగుళం ఎన్‌పీఎస్ మరదే, స్టెయిన్‌లెస్‌దే కొను. ప్లంబింగ్ కొట్లో దొరికే మామూలు ఎన్‌పీటీ నట్టు సగంలోనే పట్టేస్తుంది.

మిగిలినదంతా ఎలిమెంటు దూర్చడానికి కెటిల్ గోడకు తొలిచే కన్నం సంగతి. కన్నం సుమారు 1¼ అంగుళాలు ఉండాలి. స్టీలును వేగంగా తొలిస్తే వేడెక్కి గట్టిపడి బిట్టును తినేస్తుంది గనుక, మెట్లు మెట్లుగా లావయ్యే స్టెప్ బిట్‌ను నెమ్మదిగా తిప్పుతూ నూనె వేస్తూ పోవాలి. దొరికితే, రేకును నొక్కి గుండ్రంగా కత్తిరించే నాకౌట్ పంచ్ ఇంకా మేలు. అంచున లేచిన పదునును ఆకురాయితో రెండు వైపులా పూర్తిగా తీసేయి, లేకపోతే అది గాస్కెట్‌ను కోసేస్తుంది. కెటిల్ గోడ గుండ్రం, ఎలిమెంటు తల చదును. ఆ తేడాను నింపగల మందమైన సిలికాన్ గాస్కెట్ కావాలి. మరీ బిగిస్తే అది పక్కకు పాకి బయటికి వచ్చేస్తుంది. సీలెంటు పూయాలన్న ఆలోచన వదిలేయి: మరల్లో చేరిన వోర్టు పుల్లబడకుండా అప్పుడప్పుడు విప్పి కడగాలి, అతికించేస్తే ఆ వీలు పోతుంది.

ముందు చల్లటి నీరు నింపి రాత్రంతా ఉంచి, కింద పొడి కాగితం పరచి చూడు. తర్వాత ఉత్త నీటిని ఒకసారి మరగనిచ్చి, చల్లారాక నట్టును మళ్లీ సరిచూడు, ఎందుకంటే తొలి వేడికి గాస్కెట్ కొంత అణుగుతుంది. ఎలిమెంటు నీటిలో పూర్తిగా మునగకముందు స్విచ్చి వేయవద్దు; పొడిగా వేడెక్కిన ఎలిమెంటు క్షణాల్లో కాలిపోతుంది.

గాస్కెట్ ఎంత బాగున్నా, కరెంటు విషయంలో దాన్ని నమ్ముకోకూడదు. 240 వోల్టుల మీద 5500 వాట్ల ఎలిమెంటు సుమారు 23 ఆంపియర్లు లాగుతుంది. దానికి 10 గేజి రాగి వైరు, 30 ఆంపియర్ల జీఎఫ్‌సీఐ బ్రేకరు (కరెంటు నేలలోకి లీకైతే వెంటనే ఆపేసేది) ఉండవలసిందే. వైర్లు కలిసే చోట ఇనుప పెట్టె బిగించి, ఎర్తు వైరును ఆ పెట్టెకూ కెటిల్ లోహానికీ రెండింటికీ కలుపు. పెట్టెలో తడి కనిపిస్తే ముందు బ్రేకరు ఆపు, తర్వాతే నట్టు చూడు. బ్రేకరు బిగించే పని మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కు అప్పగించు.

ఆశీస్సులతో,
మామయ్య