గుంటూరు ఎండలకు హార్డ్‌డిస్క్ 56 డిగ్రీలు చూపిస్తోంది, కూలింగ్ ప్యాడ్ కొనాలా?

మేడమీద గదిలో డెస్క్‌టాప్ ఉందని, మధ్యాహ్నం అయ్యేసరికి డిస్క్ పరిస్థితి చూపించే సాఫ్ట్‌వేర్ క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో హార్డ్‌డిస్క్ 56 డిగ్రీలు చూపిస్తోందని, కూలింగ్ ప్యాడ్ లాంటిది కొనాలా అని అడిగారు. పిల్లల ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయన్నారు కాబట్టి, ముందు వాటిని ఇంకో డిస్కులోకి కాపీ చేసుకోండి. అదీ తెల్లవారుజామున, గది చల్లగా ఉన్నప్పుడు పెట్టండి. పెద్ద కాపీ నడిచేటప్పుడు డిస్క్ ఇంకా వేడెక్కుతుంది. మిగతాదంతా ఆ తర్వాతే.

నేను విజయవాడ సత్యనారాయణపురంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. మాకు ముహూర్తాలు ఎక్కువగా పడేది ఎండాకాలంలోనే. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, పై అంతస్తులో, పడమటి గోడ పక్కన డిస్కులు తిరుగుతూనే ఉంటాయి. ఒక్క డిస్క్ పోయినా ఎవరిదో పెళ్లి పోయినట్టే, అందుకే ఈ విషయం నాకు చిన్నది కాదు.

మామూలు ఫ్యాన్ గాలితో డిస్క్ ఎప్పటికీ గదికంటే చల్లగా ఉండదు. గదిలో 38 ఉంటే, గాలి బాగా తగిలే డిస్క్ 43, 45 దగ్గర ఆగుతుంది. గాలి ఆడకపోతే అదే గదిలో 55 దాటుతుంది. అందుకే నేను ఎప్పుడూ చూసేది గది వేడికీ డిస్క్ వేడికీ మధ్య తేడా. గదిలో ఒక చిన్న థర్మామీటర్ పెట్టి చూడండి. తేడా పది డిగ్రీల లోపు ఉంటే సీపీయూ బాక్సులో ఏ లోపమూ లేదు, గదినే చల్లబరచాలి. పదిహేను దాటితే లోపల గాలి ఆడట్లేదని అర్థం. మీది రెండోదే అని నా అనుమానం.

కంప్యూటర్ టేబుల్ కింద సీపీయూకని ఇచ్చే అర ఉంటుంది చూడండి, మూడు వైపులా చెక్క, ముందు తలుపు. అసలు శత్రువు అదే. వెనక ఫ్యాన్ వదిలిన వేడిగాలి బయటికి పోయే దారి లేక, తిరిగి ముందునుంచి లోపలికే వస్తుంది. సీపీయూను బయటికి తీసి, గోడకు జానెడు దూరంలో, నేలమీద కాకుండా చిన్న స్టూలు మీద పెట్టండి. తర్వాత ముందున్న ప్లాస్టిక్ మూత ఊడదీయండి. దాని వెనక జాలీకి దుమ్ము దుప్పటిలా పట్టి ఉంటుంది, గోటితో లాగితే ఒక్క ముక్కగా ఊడి వస్తుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోండి, లేకపోతే అది అడ్డదిడ్డంగా తిరిగి బేరింగు పాడవుతుంది.

ఆ జాలీ వెనక ఫ్యాన్ లేకపోతే 120 మిల్లీమీటర్లది ఒకటి, గాలి లోపలికి లాగేలా, డిస్కుకు ఎదురుగా బిగించండి. కూలింగ్ ప్యాడ్ కంటే ఇదే పనికొస్తుంది. రెండు డిస్కులుంటే మధ్యలో ఒక స్లాట్ ఖాళీ వదలండి. స్క్రూలు కూడా అన్నీ బిగించండి. డిస్క్ ఇనుప చట్రానికి ఆనుకుంటే కొంత వేడి అందులోకి పోతుంది. డిస్క్ మూతమీద చిన్న గాలి రంధ్రం ఉంటే దాన్ని మాత్రం టేపుతో మూయకండి. కూలర్ ఉంటే దాని తడిగాలి నేరుగా సీపీయూ మీదికి కొట్టనివ్వకండి.

56 చూసి మరీ టెన్షన్ పడక్కర్లేదు. మామూలు డెస్క్‌టాప్ డిస్కులు చాలావాటికి కంపెనీలు ఇచ్చే హద్దు 60. 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కుల లెక్కలు పరిశీలిస్తే, ఓ మోస్తరు వేడికీ పాడవడానికీ గట్టి సంబంధం కనిపించలేదు. బాగా ఎక్కువ వేడిలో, అదీ మూడేళ్లు దాటిన డిస్కుల్లో తేడా బయటపడింది. నేను 45 దాకా పట్టించుకోను. 50 దాటి అలాగే నిలిచిపోతే మాత్రం పెద్ద పనులన్నీ రాత్రికి వాయిదా వేస్తాను.

వేడికంటే నన్ను ఎక్కువ భయపెట్టేవి అదే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో 05, సీ5 అనే వరుసలు. పాడై పక్కన పెట్టిన సెక్టార్లు (డిస్కులో డేటా రాసే చిన్న చిన్న భాగాలు), అనుమానంలో ఉన్న సెక్టార్లు వాటిలో కనిపిస్తాయి. అక్కడ చివరి గడిలో సున్నా కాకుండా ఏదైనా ఉండి, వారం వారం పెరుగుతుంటే ఫ్యాన్ కోసం ఆగకండి, కొత్త డిస్క్ కొనేయండి. సున్నాలే ఉంటే సీపీయూ బయట పెట్టాక మళ్లీ మధ్యాహ్నం మూడింటికి గది వేడి, డిస్క్ వేడి రెండూ చూసి ఇక్కడ రాయండి, ఫ్యాన్ కావాలో వద్దో అప్పుడు చెప్తాను.