ముక్క పరీక్షకు ముందు ఏమి అడగాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. రాత్రిళ్లు నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తుండడంతో రక్తపరీక్ష చేయిస్తే పి.ఎస్.ఎ. (ప్రొస్టేట్ గ్రంథి నుంచి రక్తంలోకి వచ్చే ఒక ప్రొటీన్) ఎక్కువగా, 8.2 వచ్చింది. నెల్లూరులో చూపించిన యూరాలజీ డాక్టరుగారు బయాప్సీ (ముక్క పరీక్ష) చేయించమన్నారు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందని మా మేనత్త వద్దంటున్నారు. నాన్నగారికి గుండెలో స్టెంటు కూడా ఉంది. చెన్నై తీసుకువెళ్లమంటారా?
— ఒక పాఠకుడు, కావలి

జవాబు: మగవారికి మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి నుంచి సూదితో ముక్కలు తీసినంత మాత్రాన క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్న భయం అక్కరలేదని ముందుగా మీ మేనత్తగారికి చెప్పండి. జబ్బు ఉన్నదీ లేనిదీ తేల్చేది ఆ పరీక్షే.

అయితే 8.2 అన్న ఒక్క అంకెతోనే సూది దాకా వెళ్లనక్కరలేదు. వయసుతో గ్రంథి పెరిగినా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా పి.ఎస్.ఎ. పెరుగుతుంది కనుక, మూత్రపరీక్ష చేయించి, ఇన్‌ఫెక్షన్ ఉంటే అది తగ్గిన కొన్ని వారాలకు రక్తపరీక్ష మళ్లీ చేయించాలి. దీనికి తలకిందులైన చిక్కు కూడా ఒకటుంది. మూత్రం ధారాళంగా రావడానికి ఫినాస్టరైడ్ లేదా డ్యూటాస్టరైడ్ ఉన్న మాత్రలను ఆరు నెలలకు మించి వాడుతున్నవారిలో ఈ అంకె సుమారు సగానికి పడిపోతుంది. అంటే వారి 8.2ను 16గా చదువుకోవాలి. అందుకే వాడుతున్న మందుల చీటీలన్నీ వెంట తీసుకువెళ్లండి. డాక్టరుగారు వేలితో చేసే పరీక్షలో గ్రంథి గట్టిగా, గడ్డలా తగిలిందంటే మాత్రం తాత్సారం చేయవద్దు.

రెండోసారీ ఎక్కువే వస్తే, బయాప్సీకి ముందే ఎం.ఆర్.ఐ. తీయించవచ్చునా అని అడగండి. ఈ వరుస ముఖ్యం. బయాప్సీ తరువాత గ్రంథిలో మిగిలే రక్తం వారాల తరబడి స్కాన్‌ను అస్పష్టం చేస్తుంది. ఎం.ఆర్.ఐ. రిపోర్టులో అనుమానపు స్థాయిని 1 నుంచి 5 వరకు ఇస్తారు. 4, 5 అయితే ఆ చోటికే గురిపెట్టి ముక్కలు తీస్తారు, 1, 2 అయితే కొన్నాళ్లు కనిపెట్టుకుని ఉండవచ్చునేమో చర్చించవచ్చు. స్టెంటు సాధారణంగా ఈ స్కాన్‌కు అడ్డు కాదు, కానీ ముందుగా చెప్పాలి.

సూదిని మలద్వారం గుండా పంపుతారా, దాని ముందుభాగపు చర్మం గుండానా అన్నది కూడా అడగండి. రెండో పద్ధతిలో తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ ముప్పు తక్కువ. రక్తం పలచబడే మాత్రలను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు, గుండె డాక్టరుగారి మాట తప్పనిసరి.

ఒకవేళ క్యాన్సర్ అని తేలినా వెంటనే ఆపరేషన్ అని కాదు. ముక్కలో క్యాన్సర్ కణాల తీవ్రతను చెప్పే గ్లీసన్ స్కోరు 6 అయితే, చికిత్స లేకుండా క్రమంగా పరీక్షిస్తూ ఉండడమే చాలామందికి తగిన దారి. బ్రిటన్‌లో గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1,643 మందిని 15 ఏళ్లు గమనించగా, ఆపరేషన్, రేడియేషన్, కనిపెట్టి ఉండడం అనే మూడు వర్గాల్లోనూ ఆ జబ్బుతో పోయినవారు సుమారు 2-3 శాతమే.

ఇక చెన్నై సంగతి. మన జిల్లాలో జబ్బు పేరు వినగానే రైలెక్కడం అలవాటు. ఎం.ఆర్.ఐ., బయాప్సీ నెల్లూరులోనే కుదిరితే అక్కడే చేయించండి. రిపోర్టుపై సందేహముంటే తీసిన ముక్కలను భద్రపరచిన స్లైడ్లు, బ్లాకులు ల్యాబ్ నుంచి అడిగి తీసుకుని మీరొక్కరే చెన్నై వెళ్లి, ముక్కలను పరీక్షించే మరో డాక్టరుకు (పాథాలజిస్టుకు) చూపించవచ్చు, నాన్నగారిని తిప్పనక్కరలేదు.