కిష్కింతలో కోతి ఉందా, లేదా?

ప్రశ్న: నా చిన్నప్పుడు ఎండాకాలం సెలవులు వస్తే నాయన మమ్మల్ని చెన్నై బస్సెక్కించి, తాంబరం దగ్గరున్న కిష్కింత పార్కుకు తీసుకుపోయేవాడు. పుత్తూరు, నగరి, తిరుత్తణి దాటేదాకా కిటికీ పక్క సీటు కోసం నేనూ అన్నా కొట్టుకునేవాళ్లం. మొదటిసారి పోయినప్పుడు నాకు ఆరేళ్లు, అన్నకు పదకొండు. గేటు దగ్గర కోతి వేషం వేసుకున్న ఒకాయన నాకు చేయి కలిపి చాక్లెట్ ఇచ్చాడని బాగా గుర్తు, ఆ చేతి బొచ్చు గరుకు కూడా గుర్తే. అన్నేమో "కోతీ లేదు, గీతీ లేదు, నువ్వు కలగన్నావు" అంటాడు. ఇద్దరికీ మాట కలిసేది ఒక్కచోటే: నాయన ఏ రైడూ ఎక్కలేదు, మా అందరి చెప్పులూ అమ్మ వాచీ తువ్వాలులో మూటగట్టి ఒళ్లో పెట్టుకుని చెట్టు కింద కూర్చునేవాడు. ఆయన పోయి రెండేళ్లయింది, అడుగుదామంటే లేడు. మా పిల్లల్ని కూడా అట్లాంటి చోటికి తీసుకుపోదామంటే "వద్దులేమ్మా, ఇప్పుడు చూస్తే ఉన్న జ్ఞాపకం కూడా పోతుంది" అంటున్నాడు అన్న. ఎవరి మాట నిజం? పోవచ్చా, వద్దా?
- ఒక చెల్లెలు, తిరుపతి

జవాబు: ముందు కోతి పంచాయతీ తేల్చుకుందాం. అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్ అనే సైకాలజిస్టు, ఇంకో ఇద్దరు కలిసి చేసిన ఒక తమాషా ప్రయోగం 2002లో అచ్చయింది. చిన్నప్పుడు డిస్నీల్యాండ్‌లో బగ్స్ బన్నీ అనే కార్టూన్ కుందేలుతో చేయి కలిపినట్టు ఊరించే ఒక ప్రకటన తయారుచేసి కొందరికి చూపించారు. తర్వాత అడిగితే 16 శాతం మంది అవును, మేమూ ఆ కుందేలుతో చేయి కలిపాం అన్నారు. చిక్కేమిటంటే ఆ కుందేలు డిస్నీ వాళ్లది కాదు, పోటీ కంపెనీ వార్నర్ బ్రదర్స్‌ది, డిస్నీల్యాండ్ గేటు లోపల దానికి చోటే లేదు. వాళ్లెవరూ అబద్ధాలకోరులు కారు, వాళ్లకు నిజంగానే గుర్తుకొచ్చింది. మనం ఒక సంగతిని తలుచుకున్న ప్రతిసారీ బుర్ర దాన్ని మళ్లీ కొత్తగా కట్టుకుంటుంది, కట్టేటప్పుడు దొరికిన ఇటుకనల్లా పెట్టేస్తుంది.

ఇక మీ విషయానికొస్తే, పార్కు పేరే కిష్కింత. బస్సులో ఎవరో ఒకరు వాలి సుగ్రీవుల కథ ఎత్తుకునే ఉంటారు, ఆరేళ్ల పిల్ల కోతి లేని కిష్కింధను ఒప్పుకుంటుందా? అట్లాగని అన్న గెలిచినట్టూ కాదు. పదకొండేళ్ల మగపిల్లవాడు గేటు దగ్గర నిలబడి ఎవరు చాక్లెట్ ఇస్తున్నారో చూస్తాడా, రైడ్ వైపు పరుగెత్తుతాడా? తనకు గుర్తు లేకపోవడం వేరు, అది జరగకపోవడం వేరు, ఈ ముక్క ఆయనకు చెప్పండి. అమ్మ ఉంటే ఆమెను అడగండి, కానీ ఇద్దరూ ఒకేసారి వెళ్లి అడగొద్దు, విడివిడిగా అడగండి. ఇంట్లో గొంతు పెద్దదైన వాళ్ల జ్ఞాపకమే అందరి జ్ఞాపకమైపోతుంది (మా ఇంట్లో అది మా అక్క, ఆమె పుట్టకముందు జరిగిన పెళ్లి కూడా కళ్లారా చూసినట్టు చెబుతుంది).

అన్నట్టు ఆ పార్కు 1995లో మొదలైంది, పెట్టించినాయన నవోదయ అప్పచ్చన్, 1984లో మన దేశంలో తొలి 3డి సినిమా నిర్మించిన మనిషి. పిల్లల్ని నోరు తెరిపించడం ఆయనకు ముందునుంచీ తెలిసిన విద్యే.

పోవచ్చా అంటే, పోండి. ఆ పార్కే కానక్కర్లేదు. మీ అన్న భయం ఉత్తదేం కాదు, అప్పుడు ఆకాశమంత ఉన్న జెయింట్ వీల్ ఇప్పుడు మూడు మేడల ఎత్తుకు దిగిపోతుంది, ఎందుకంటే అప్పుడు కొలిచిన మనిషి మూడున్నర అడుగులే. కానీ మీ పిల్లలకు ఇంకా అది ఆకాశమంతే కదా. మీ అన్ననూ రమ్మనండి, రైడ్ ఎక్కమని బలవంతం చేయొద్దు. ఈసారి చెప్పుల మూట ఆయన ఒళ్లో పెట్టండి.

ప్రశ్న: పిల్లల్ని పార్కుకు తిప్పుకొస్తే మూడు నాలుగు వేలకు తక్కువ కావడం లేదు. ఇంట్లో కూర్చోబెట్టి కథ చెబితే సరిపోదా?
- పలమనేరు నుంచి ఒక తండ్రి

జవాబు: బ్రహ్మాండంగా సరిపోతుంది. ఆఖరిసారి ఎప్పుడు చెప్పారు?

ప్రశ్న: కథల బొమ్మలతో పార్కులు కట్టడం ఎక్కడ మొదలైంది? మనవైపు అట్లాంటిది ఒక్కటీ లేదెందుకు?
- చిత్తూరు నుంచి ఒక టీచర్

జవాబు: ఫలానా చోటే మొదలని గీత గీయలేం గానీ, పాతవాటిలో పేరున్నవి రెండు చెబుతాను. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో 1950లో తెరిచిన చిల్డ్రన్స్ ఫెయిరీల్యాండ్ ఒకటి. డిస్నీల్యాండ్ వచ్చింది అయిదేళ్ల తర్వాత, దానికి ముందు వాల్ట్ డిస్నీ వెళ్లి ఈ పార్కు చూసొచ్చాడు. అక్కడొక రూలు ఉంది, నాకు భలే నచ్చింది: వెంట పిల్లలు లేకపోతే పెద్దవాళ్లను లోపలికి రానివ్వరు. రెండోది నెదర్లాండ్స్‌లోని ఎఫ్టెలింగ్, అక్కడి కథల అడవి 1952లో పది కథలతో మొదలైంది. ఆ పార్కులో నోరు తెరుచుకుని కూర్చున్న లావుపాటి బొమ్మలుంటాయి, అవి చెత్తబుట్టలు. "కాగితం ఇటు వేయండి" అని అరుస్తాయి, వేస్తే లోపలికి పీల్చుకుని థ్యాంక్స్ చెబుతాయి. పిల్లలు ఆ మాట వినడానికే కింద పడ్డ కాగితాలు ఏరుకొచ్చి వేస్తారు. మన ఊళ్లలో ఏ పార్కు కట్టినా ముందు తెచ్చి పెట్టాల్సింది ఇదే.

మనవైపు లేదంటారా? అలిపిరి మెట్లెక్కండి. 3,550 మెట్లు, దారిలో దశావతారాల బొమ్మలు. చిన్నప్పుడు మా మేనత్త ప్రతి బొమ్మ దగ్గరా మమ్మల్ని కూర్చోబెట్టి ఆ అవతారం కథ మొత్తం చెప్పేది. నరసింహుడి కథ అయితే స్తంభం పగిలేసరికి పావుగంట పట్టేది, మేం పకోడీల కోసం గోల చేసినా వదిలేది కాదు. ఎంత ఓపికో అనుకునేవాణ్ణి. అదంతా మోకాళ్ల నొప్పులని అర్థమైంది మొన్న, నేను మా మనవణ్ణి కూర్చోబెట్టి మత్స్యావతారం కథ రెండోసారి చెబుతున్నప్పుడు.