ఇంటర్‌లో చేరగానే పిల్లలకి బూతులెందుకు వస్తాయి?

పదో తరగతి దాకా నోట్లో నాలుక లేనట్టుండే మీ అబ్బాయి ఇంటర్‌లో చేరిన కొన్నాళ్లకే ఫ్రెండ్స్‌తో ఫోన్లో మాటకో బూతు తగిలిస్తున్నాడని, చెడిపోతున్నాడేమోనని భయంగా ఉందని రాశారు. గుంటూరు బ్రాడీపేటలో ఏళ్లుగా ఇంటర్ పిల్లలకి మ్యాథ్స్ ట్యూషన్ చెబుతున్నాను, చూసింది చెబుతాను.

ముందు ఒకటి గమనించండి. వాడు మీ ముందు అనడు, నాయనమ్మ ముందు అసలే అనడు. అంటే నోరు వాడి అదుపులోనే ఉంది. మా ట్యూషన్ వదిలాక మెట్ల కింద బండ్లు తీస్తూ ఒకణ్ణొకడు అనుకునేవి నేను రాయలేను, పైనుంచి నా చెప్పుల చప్పుడు వినపడగానే మాత్రం "అది కాదు మామా, ఆ ఇంటిగ్రేషన్ లెక్క..." అంటూ మాట మార్చేస్తారు. వినుకొండ వైపు నుంచో సత్తెనపల్లి నుంచో వచ్చి హాస్టల్లో చేరిన కుర్రాడు మొదట్లో పక్కన నిలబడి ఊరికే నవ్వుతుంటాడు, దసరా సెలవులొచ్చేసరికి అందరికంటే వాడి గొంతే గట్టిగా వినిపిస్తుంది. అనకపోతే "అమ్మకూచి" అని ఏడిపిస్తారు. ఎవరూ తెలియని ఊళ్లో ఆ గుంపులో చోటు కోసం వాడు పడే పాట్లవి. ఆడపిల్లలు అనరనుకోకండి, వాళ్లూ అంటారు, కాకపోతే గొంతు తగ్గించి.

రెండోది టెన్షన్. పొద్దున్నే స్టడీ అవర్, వారం వారం టెస్టు, గోడ మీద ర్యాంకులు. ఇంగ్లాండ్‌లోని కీల్ యూనివర్సిటీలో రిచర్డ్ స్టీఫెన్స్ బృందం 2009లో ప్రచురించిన ప్రయోగంలో, ఐసులాంటి నీళ్లలో చెయ్యి పెట్టినవాళ్లు మామూలు మాట అంటూ ఉన్నప్పటికంటే బూతు అంటూ ఉన్నప్పుడు ఎక్కువసేపు ఓర్చుకోగలిగారు. 2011లో వచ్చిన ఇంకో ప్రయోగంలో తేలిందేమంటే, రోజూ ఎక్కువగా తిట్టే అలవాటున్నవాళ్లకి ఆ ఉపశమనం తక్కువ. నీతులు చెబితే వినని పిల్లలు ఇది చెబితే చెవులు రిక్కించి వింటారు. దానికితోడు తొందరపాటుకి కళ్లెం వేసే మెదడు ముందుభాగం ఇరవైలు సగం గడిచేదాకా పూర్తిగా ఎదగదు.

అయితే అన్ని తిట్లూ ఒకటి కాదు. లెక్క రాక తనని తాను తిట్టుకునేవాణ్ణి నేను పట్టించుకోను. మనిషి మీదకి, వాడి అమ్మ మీదకి, కులం మీదకి వెళ్తే ఊరుకోను. ఒకసారి ఒకడు పక్కవాణ్ణి కులం పేరు పెట్టి అన్నాడు, నలుగురు నవ్వారు, ఆ పిల్లవాడు తలెత్తకుండా స్కేలు పెట్టి గీసిన గీత మీదే మళ్లీ మళ్లీ గీస్తూ కూర్చున్నాడు, కాగితం చిరిగేదాకా. ఆ రోజు లెక్కలు ఆపేసి అందరినీ కూర్చోబెట్టి మాట్లాడాను. ఎస్సీ, ఎస్టీలని పదిమందిలో కులం పేరుతో దూషించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమని చాలామంది పిల్లలకి తెలియదు, ఇంట్లోనూ చెప్పరు.

మీ వాణ్ణి ఫ్రెండ్స్ వింటుండగా కేకలేయకండి, పరువు పోయిందని ఇంకా మొండికేస్తాడు. ఫోన్ పెట్టేశాక, అన్నం దగ్గర, విన్నానని మామూలుగా చెప్పండి. బస్టాండ్ దగ్గర ఆటో అడ్డమొస్తే వాళ్ల నాన్నగారి నోట్లోంచి ఏం వస్తోందో కూడా చూసుకోండి. అంతకంటే ముఖ్యం, వాడు ఎవరిని అంటున్నాడో వినండి. ఫ్రెండ్స్ ఒకరినొకరు అనుకుంటుంటే కొంతకాలం ఓపిక పట్టండి. చెల్లెల్నో, పనిచేసే ఆవిడనో, క్లాసులో నోరులేని పిల్లవాడినో అంటుంటే మాత్రం రేపటిదాకా ఆగకండి.